ట్రాలీకి అంటించిన పాత కాగితం

ప్రశ్న: మాది నాలుగు బ్రాంచీలున్న పెద్ద ఆస్పత్రి. మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. ప్రోటోకాల్స్ అన్నీ కంప్యూటర్లో పెట్టారు, వందల ఫైళ్లున్నాయి. డ్యూటీలో ఎవరూ తెరవరు, పక్కనున్న సీనియర్‌నే అడుగుతారు. ఆ సీనియర్లేమో ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. పైగా బ్రాంచికో పద్ధతి. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: మీవాళ్లు సీనియర్‌ని అడగడం తప్పు కాదమ్మా. అర్ధరాత్రి రెండింటికి పేషెంటు పక్కన నిలబడ్డ అమ్మాయికి నలభై పేజీల ఫైలు ఎందుకు? అప్పటికప్పుడు జవాబు కావాలి.

నేను సూపరింటెండెంట్‌గా చేసిన ఒక ఆస్పత్రిలో మందుల ట్రాలీకి ప్లాస్టర్‌తో అంటించిన కాగితం ఉండేది. నీలం ఇంకుతో చేతిరాత: ‘కేసీఎల్ 2 ఆంప్యూల్స్, 500 మి.లీ. సెలైన్‌లో’. కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్, ఆంప్యూల్ అంటే ఆ మందు వచ్చే చిన్న సీసా. అది రాసిన రోజుల్లో వచ్చేది 10 శాతం ఆంప్యూల్, పది మి.లీ.లో సుమారు 13 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియం కొలిచే యూనిట్) పొటాషియం. తర్వాత ఫార్మసీ 15 శాతంది తెప్పించింది. సైజు అదే, పొటాషియం మాత్రం 20. సర్క్యులర్ కంప్యూటర్లోకి వచ్చింది, ట్రాలీ మీది కాగితం కదల్లేదు. ఒక రాత్రి కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసి కొత్త ఆంప్యూల్స్ రెండు కలిపేసింది. 27 వెళ్లాల్సిన చోట 40. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చిన సిస్టర్ ఖాళీ ఆంప్యూల్ తీసి లేబుల్ చదివింది కాబట్టి డ్రిప్ ఆపగలిగాం. పొటాషియం మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. మేం ఉంచిన కాగితాన్నే కదా ఆమె నమ్మింది!

అందుకే ముందు వార్డులో గోడలకీ, ట్రాలీలకీ, టేబుల్ అద్దం కిందా ఉన్న కాగితాలన్నీ ఒకే రోజు తీయించండి. పారేయకండి, కూర్చుని చదవండి. వార్డుకి రోజూ ఏ సందేహం వస్తుందో అవే చెబుతాయి. వాటికే ఒక్కో పేజీ రాయించండి. మోతాదు ఆంప్యూల్స్‌లో కాదు, మిల్లీ ఈక్వివలెంట్లలో ఉండాలి. కింద తేదీ, మళ్లీ ఎప్పుడు చూడాలో, ఏ హోదావారు చూడాలో రాయాలి. మనుషులు బదిలీ అవుతారు కాబట్టి పేరొక్కటే చాలదు. ఫార్మసీ స్టాకు మార్చే ముందే ఆ హోదావారికి కబురందాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టు కూడా ఒక్క పేజీయే, 19 అంశాలు. ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. అందరూ ఆగి పైకి చదవడం అందులో పెద్ద సంగతని నా నమ్మకం.

రిటైరయ్యే సిస్టర్‌ని ‘మీకు తెలిసిందంతా రాసివ్వండి’ అనకండి, ఎవరూ రాయలేరు. జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టి ఒక్కో కేసు గురించి అడిగించండి: ‘ఆ రోజు ఏం చూసి డాక్టర్‌ని పిలిచారు?’ అని. మూత్రం తగ్గిందనో, మనిషి ఊరికే కంగారు పడుతున్నాడనో చెబుతారు. అది ఏ ఫైల్లోనూ దొరకదు.

బ్రాంచీల తేడాలు మాత్రం తొందరపడి చెరిపేయకండి. ఇన్‌ఛార్జ్‌లు వారం రోజులు ఒకరి వార్డులో ఒకరు పనిచేస్తే ఏ పద్ధతి ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. త్రుటిలో తప్పిన పొరపాట్లు కూడా పేర్లు లేకుండా నాలుగు చోట్లా చెప్పుకోండి. ముందు కేసీఎల్‌తో మొదలుపెట్టండి. రేపు డ్యూటీకి వెళ్లగానే మీ ట్రాలీలో ఎంత శాతం ఆంప్యూల్ ఉందో, కాగితం మీద ఏముందో పక్కపక్కన పెట్టి చూడండి.