రంగు ఆరకముందే బొమ్మ ఇల్లు దాటితే

సత్యనారాయణపురం నుంచి రాసిన సోదరికి,

మీ ఉత్తరంలో “మా ఆయన చాలా మంచివారండీ” అన్న మాట నాలుగుసార్లు ఉంది, లెక్కపెట్టాను. కాదని ఎవరన్నారు తల్లీ?

చదివేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఈవిడ ఇంట్లోనే ఆయిల్ పెయింటింగులు వేస్తారు. ఈమధ్య మూడు ఆర్డర్లు వచ్చాయి: ఒక షష్టిపూర్తి దంపతుల బొమ్మ, సంవత్సరీకం నాటికి కావాలన్న ఒక తండ్రిగారి బొమ్మ, ఒక డాక్టరుగారి క్లినిక్‌కి ప్రకాశం బ్యారేజీ. మూడింటికీ రేటు చెప్పింది, తేదీ ఇచ్చింది, అడ్వాన్సు పుచ్చుకుంది భర్తగారే. షష్టిపూర్తి బొమ్మ ఇంకా పచ్చిగా ఉండగానే, టైమ్ అయిపోతోందని ఆయన న్యూస్‌పేపర్ చుట్టి స్కూటర్ మీద పట్టుకెళ్లిపోయారు. ఫంక్షన్ హాల్లో విప్పి చూస్తే ఆ పెద్దావిడ పట్టుచీర అంచు మీద పేపర్లోని బంగారం ధరలు తిరగబడి అచ్చుపడి ఉన్నాయట. చదివి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే కింద సంతకం ఈవిడది.

ఇప్పుడు ఈవిడ అడిగేదేమిటంటే, ఆయిల్ మానేసి తొందరగా ఆరే ఆక్రిలిక్‌కి మారిపోనా అని. అత్తగారికి ఆయిల్ రంగు పలచన చేసే టర్పెంటైన్ వాసన కూడా పడట్లేదట.

మారకండి, ఆ ప్రశ్న అయిపోయింది. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, మందంగా వేస్తే నెలలు కూడా పడుతుందని నాకంటే మీకే బాగా తెలుసు. ఆక్రిలిక్ అయితే బెజవాడ మే నెల ఎండకి పళ్లెంలోనే ఎండి కూర్చుంటుంది, బుగ్గ మీద నీడ కలిపే లోపే. మీ చేతికి అలవాటైన పని వదులుకుని ఎవరో ఇచ్చిన తేదీకి సర్దుకోవడం ఎందుకు? వాసన విషయంలో మాత్రం అత్తగారిదే న్యాయం. కిటికీలు తీసి పెట్టుకోండి, టర్పెంటైన్ సీసాకి మూత పెట్టండి. నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె పట్టిన గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడదీసి బయట ఆరేయండి.

ఇక అసలు సంగతి. సంవత్సరీకం బొమ్మవాళ్లు ఫోన్ చేసి “పదివేలు ఇచ్చాం కదమ్మా” అంటే గానీ మీకు ఆ డబ్బు సంగతే తెలియలేదు. అది బాబు కోచింగ్ ఫీజుకి పోయింది. “ఇంటికే కదా ఖర్చయింది” అని మీరే సర్దిచెప్పుకున్నారు. రేపు మీ తమ్ముడు మీ ఆయన ఆఫీసుకెళ్లి ఆయన జీతం తెచ్చి, ఇంటికే ఖర్చుపెట్టి, పది రోజుల తర్వాత చెప్తే మీ ఆయన ఊరుకుంటారా? భార్యాభర్తల మధ్య పైసాపైసా లెక్క రాసుకోమనే రకం కాదు నేను, ఆ పద్ధతి నాకు నచ్చదు కూడా. కానీ మాది నరసాపురం వైపు, మా అమ్మ లేసు అల్లేది. అమ్మిన డబ్బు మా బాబాయి తెచ్చి ఇచ్చేవాడు, ఎంత ఇస్తే అంత. తన అల్లిక ఎంతకు పోయిందో అమ్మకి ఒక్కసారి కూడా తెలియదు, అడగాలని కూడా తోచలేదు పాపం. అందుకే మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను.

ఆయనకు మీ పనంటే గొప్పే, అది కూడా ఉత్తరంలో కనిపిస్తోంది. నలుగురికీ చెప్పుకుంటారు, ఆ ఉత్సాహంలోనే తేదీ కూడా ఇచ్చేస్తారు. ఫ్రేము కట్టించడం, ఆటోలో చేర్చడం ఆయనకే వదిలేయండి, సంతోషంగా చేస్తారు. రేటు, తేదీ, అడ్వాన్సు మాత్రం ఇకనుంచి మీ నోటి నుంచే రావాలి. పిల్లలు పడుకున్నాక మామూలుగా చెప్పండి, ఏడవకండి, పాత విషయాలు తవ్వకండి.

బ్యారేజీ బొమ్మలో నీళ్ల మీద సాయంత్రపు వెలుగు పల్చగా తేవాలని రాశారు. కింద పొర ఆరితే గానీ ఆ పల్చటి పూత నిలవదు, వచ్చే వారానికి ఎలాగూ కాదు. డాక్టరుగారి నంబరు మీ ఆయన దగ్గర తీసుకుని, ఈ రోజే మీరు ఫోన్ చేసి నెల రోజులు అడగండి.