ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కితే కారు తడబడుతోంది, ఫ్యూయల్ పంపు మార్చాల్సిందేనా?

పంపు అప్పుడే మార్చొద్దన్నా. ఊళ్లో బాగానే ఉంటూ, ఎత్తులో తొక్కినప్పుడే ఒక క్షణం ఆగి జర్క్ ఇస్తోందన్నారు కదా, మాది కూడా పెట్రోల్ కారే, అచ్చం ఇలాగే చేసేది. కడప టౌన్‌లో ఏ ఇబ్బందీ లేదు, రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్‌లో లారీని దాటుదామని మూడో గేర్‌లో తొక్కితే చాలు, దగ్గొచ్చినట్టు ఊగేది. షెడ్డులో నాకూ పంపే అన్నారు.

ముందు కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్ (ఇంకా ఖాయం కాని తప్పు) లోపల ఉండొచ్చు. నాకు పి0302 వచ్చింది, అంటే రెండో సిలిండర్ మిస్సింగ్, అందులో పెట్రోల్ సరిగ్గా అంటుకోవట్లేదని. ఆ సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ కరెంటిచ్చేది) తీసి మూడో దానికి, మూడో దానిది దీనికి మార్చి మళ్లీ ఘాట్ ఎక్కితే ఈసారి పి0303. తప్పు కాయిల్‌తో పాటే కదిలిందంటే ఇంక అనుమానమేముంది? లోడు పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ రావడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, నీరసించిన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. కోడ్ కదలకపోతే ప్లగ్గు, ఆ తర్వాత పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ చూడాలి.

పంపు మీద అనుమానం తీరాలంటే స్కానర్‌లోనే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క) చూడమనండి. తొక్కినప్పుడు ప్లస్ 10 శాతం దాటి పైకే పోతుంటే పెట్రోల్ అందట్లేదని లెక్క, అప్పుడైనా గేజ్ పెట్టి ప్రెషర్ చూశాకే పంపు కొనండి. ఐడిల్‌లో ఎక్కువుండి, రేజ్ చేస్తే మామూలుకొస్తే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆర్పీఎం పెరిగి బండి మాత్రం కదలకపోతే అసలు ఇంజన్ గొడవే కాదు, క్లచ్.

ఎర్రగుంట్ల వైపు తిరిగేవాళ్లయితే సిమెంటు, నాపరాళ్ల దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ తొందరగా పూడుతుంది, తీసి చూడటానికి ఖర్చేమీ లేదు కాబట్టి చూడండి. కాకపోతే దాని వల్ల పికప్ తగ్గుతుంది గానీ ఇలా జర్కులు రావడం తక్కువ.

ఈలోపు చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి మెరిస్తే మాత్రం వెంటనే కాలు తీసేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండుతుంది, అది పోతే కాయిల్ ఖర్చు ఏ మూలకీ రాదు.