మాప్పిళ పాత్రల మాట గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

కేరళలోని మలప్పురం నేపథ్యంగా నీవు రాసిన కథ చదివాను. కథనంలో పట్టు ఉంది. చిక్కంతా ఆ ఇంటి పెద్దాయన సంభాషణల్లోనే. ముస్లిం పాత్ర కనుక అతని చేత హైదరాబాదు పాతబస్తీ దక్కనీ మాట్లాడించావు. మాప్పిళలు, అంటే ఉత్తర కేరళలోని మలబారు ముస్లిములు. వారి మాతృభాష ఉర్దూ కాదు, మలయాళమే. అందులో కలిసిన అరబ్బీ దక్కను సుల్తానుల దర్బారుల నుంచి దిగలేదు. మిరియాల కోసం మలబారు రేవులకు వచ్చిన అరబ్బు వర్తకుల వెంట, మతవిద్య వెంట వచ్చింది.

ఆ మాండలికంలో అరబ్బీ పదాల కన్నా ముందు చెవికి తగిలేది ఉచ్చారణ. మన ప్రాచీన శాసనాల్లోనూ కనిపించి, తరువాత తెలుగు వదులుకున్న ఴకారం మలయాళంలో నిలిచే ఉంది. మాప్పిళల వాడుకలో మాత్రం అది తరచు యకారమై, మఴ (వాన) 'మయ'గా, పుఴ (ఏరు) 'పుయ'గా వినిపిస్తుంది. పదం మొదటి వకారం బకారమై 'వన్ను' (వచ్చాడు) కాస్తా 'బన్ను' అవుతుంది. అయితే వీటిలో కొన్ని ఇతర మతాల ఇరుగుపొరుగు నోటా పలుకుతాయి కనుక, వాటిని మతానికి గుర్తులుగా వాడకు.

పెద్దాయన ఇంట్లో 'అరబీమలయాళం మాట్లాడతాడు' అన్న వాక్యం తీసివేయి. అది ప్రధానంగా మలయాళాన్ని అరబ్బీ అక్షరాలలో రాసే లిపి, ఆ లిపిలో పెరిగిన సాహిత్యం. 1607 నాటి భక్తిగీతం ముహ్‌యిద్దీన్ మాల, 19వ శతాబ్దపు కొండోట్టి కవి మోయిన్‌కుట్టి వైద్యర్ కావ్యాలు అందులోనివే. వైద్యర్ తమిళ, సంస్కృత, పారశీక పదాలను కూడా కలిపి అల్లిన ఆ భాషలో ఎవరూ చేపల బేరం చేయరు. పెద్దాయన పాడి తీరాలంటే ఉత్తరం రూపంలో సాగే ఉత్తరపాట పాడించు. 1921 మలబారు తిరుగుబాటు తరువాత బళ్లారి జైలులో ఉన్న భర్తకు భార్య రాసినట్టుగా పులిక్కోట్టిల్ హైదర్ కట్టిన పాట ఆ కోవలోదే.

మలయాళ నవలాకారుడు బషీర్‌ను నమూనాగా పెట్టుకున్నానన్నావు, సంతోషమే. 'మా తాతకో ఏనుగుండేది' అనే అర్థం వచ్చే 1951 నాటి నవలకు పేరు కూడా ఆయన ముస్లిముల ఇళ్ల నోటిమాటలోనే పెట్టాడు. కానీ ఆయన పుట్టిపెరిగింది మలప్పురానికి దక్షిణాన ఉన్న వైక్కం ప్రాంతంలో. అక్కడి ముస్లిముల మాటను తెచ్చి మలప్పురానికి అతికిస్తే మలయాళీ పాఠకుడు వెంటనే పసిగడతాడు.

ఇక తెలుగులో ఏం చేయాలంటే, మలబారు యాసకు బదులుగా మన మాండలికాలలో దేనినీ నిలబెట్టవద్దు. సాదా వ్యావహారికంలో రాసి, ఉప్ప (నాన్న), ఉమ్మ (అమ్మ) వంటి పిలుపులను కథలో వివరణ లేకుండా ఉంచు. మనవడు బడిలో పంతులుతో ఒక రకంగా, ఉమ్మతో మరో రకంగా మాట్లాడడం నీ కథకు అసలు బలం కాగలదు. దానిని రెండు వాక్యాలలో దాటేశావు. ముందుగా ఆ బడి సన్నివేశం ఒక్కటే తిరగరాసి పంపు.