ఉద్యోగుల ఊరి సేవతో కంపెనీకి ఏమిటి లాభం?

ప్రశ్న: నేను నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదువుతూ, చౌటుప్పల్ వైపున్న ఒక మందుల కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో ప్రాజెక్టు చేస్తున్నాను. ఉద్యోగులు చుట్టుపక్కల ఊళ్లలో చేసే స్వచ్ఛంద సేవ వల్ల కంపెనీకి కలిగే ప్రయోజనాలను అంశంగా ఎంచుకున్నాను. "అది దానధర్మం, దానితో ఉద్యోగం రాదు" అని నాన్న అంటున్నారు. అంశం మార్చుకోమంటారా?

జవాబు: మార్చుకోవద్దమ్మా. మీ నాన్నగారి సందేహం సహజమే. అయితే ఈ సేవను దానధర్మాల పద్దులో కాక, శిక్షణ, నియామకాల పద్దులో రాసి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ ఎందరి నడుములు వంచిందో మీకు చెప్పనక్కరలేదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటింటికీ వచ్చినా, పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగేవారు ఉంటారు. కంపెనీ నాణ్యతా విభాగంలోని కెమిస్టు ఒకరు ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి, పిల్లలు సీసాల్లో తెచ్చిన బోరు నీళ్లను వాళ్ల ఎదుటే పరీక్షించారనుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగకూడదని, మరిగిస్తే అది పోకపోగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆయనకు తన విద్య మీద గట్టి పట్టు ఉండాలి. కంపెనీ తనిఖీకి వచ్చిన అధికారి అడిగిన ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పడానికి కావలసిందీ ఆ నేర్పే. అది శిక్షణ గదిలో స్లైడ్లు చూసినంత మాత్రాన అబ్బదు.

అదే పనికి ప్యాకింగ్ నుంచి ఒకరు, అకౌంట్స్ నుంచి మరొకరు కలిసి వెళ్తే, అంతవరకు గేటు దగ్గర ముఖాలు మాత్రమే చూసుకున్నవారు ఒకరికొకరు ఫోన్ చేసి పని అడిగేంత దగ్గరవుతారు. ఊళ్లోని డిగ్రీ, ఐటీఐ పిల్లలకు ఆ కంపెనీలో ఎలాంటి పనులుంటాయో తెలుస్తుంది కనుక స్థానికంగా మనుషులు దొరకడమూ సులువవుతుంది.

అయితే కంపెనీ వదిలే వ్యర్థాల వల్ల ఊరి నీళ్లు పాడవుతుంటే, ఎన్ని మొక్కలు నాటినా ఆ ఊరు నమ్మదు, నమ్మాల్సిన అవసరమూ లేదు. ఆదివారం తప్పనిసరిగా రావాలని హాజరు వేస్తే అది సేవ కాదు, జీతం లేని డ్యూటీ. ఈ రెండు మాటలూ మీ నివేదికలో నిర్మొహమాటంగా రాయండి.

చట్టం సంగతీ స్పష్టంగా ఉండాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఉద్యోగులు సేవకు ఇచ్చిన సమయాన్ని రూపాయల్లోకి మార్చి ఆ ఖర్చులో చూపడానికి వీల్లేదు. కాబట్టి దాని ప్రయోజనాన్ని వేరే చోట వెతకాలి.

సేవలో పాల్గొన్నవారిలో, పాల్గొననివారిలో ఎందరు ఉద్యోగం మానేశారో, ఎందరు పై బాధ్యతల్లోకి వెళ్లారో పేర్లు లేకుండా వివరాలు ఇమ్మని హెచ్‌ఆర్ వారిని అడగండి. మొదటినుంచీ హుషారుగా ఉండేవారే సేవకు ముందుకొస్తారు కనుక తేడా అంతా సేవ వల్లే వచ్చిందని తేల్చేయకండి. ఒక్కొక్కరూ చేరినప్పటి నుంచి ఎలా మారారో వారి పై అధికారులతో మాట్లాడి తెలుసుకోండి. మీ ప్రాజెక్టులో ఎక్కువ రోజులు దీనికే పెట్టండి.

ఇక ఉద్యోగం మాట. హెచ్‌ఆర్‌తో పాటు కంపెనీల సామాజిక బాధ్యతా విభాగాలు, వాటితో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కూడా మీకు దారులే. డిగ్రీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) కింద రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం పూర్తిచేసి ఉంటే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించి ఊరుకోకండి. ఆ శిబిరంలో మీరు ఏ పని చేతబట్టారు, ఎవరిని ఒప్పించాల్సి వచ్చింది, మీరు వచ్చేశాక అది నిలిచిందా లేదా అన్నది చెప్పండి. ఆ ఊరికి ఈ నెలలోనే ఒకసారి వెళ్లి చూసి రండి, నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి.