విశాఖలోనే ఉంటూ ల్యాబ్ పరికరాలు డిజైన్ చేసే ఉద్యోగం దొరుకుతుందా?

ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో బీటెక్ చేస్తున్నాననీ, సాఫ్ట్‌వేర్ వైపు మనసు లేదనీ, యూనివర్సిటీ ల్యాబులకు పరికరాలు తయారుచేసే పని విశాఖలో దొరుకుతుందా, అందులో రోజూ ఏం చేస్తారనీ అడిగారు.

దొరుకుతుంది, కాకపోతే క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కనిపించదు. నేను ఇక్కడ ఒక చిన్న కంపెనీలో చేసేది ఇదే. బజారులో దొరకని పరికరాలో, దొరికినా ల్యాబు గ్రాంటుకు (పరిశోధనకు వచ్చే నిధులకు) అందని ధరవో మా దగ్గరికి వస్తాయి.

సగం పని మాటల్లోనే జరుగుతుంది. ల్యాబు వాళ్లు ఉష్ణోగ్రత 0.001 డిగ్రీ వరకు కచ్చితంగా కావాలంటారు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్లకు కావలసింది కదలకుండా నిలబడే ఉష్ణోగ్రత, అసలు విలువ కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదని తేలుతుంది. ఆ రెంటికీ ఖర్చులో చాలా తేడా. ఈ ప్రశ్న అడగకుండా డిజైన్ మొదలుపెట్టేవాళ్లంటే నాకు భలే చిరాకు.

మిగతా సగం మన సముద్రపు గాలితో కుస్తీ. ఫోటోడయోడ్ (వెలుగు పడితే కరెంటు ఇచ్చే భాగం) నుంచి వచ్చే 1 పికోయాంప్ (యాంపియరులో లక్ష కోట్లవ వంతు) కరెంటు కొలవాలనుకోండి. మన ఇన్‌పుట్ ట్రాకు (బోర్డు మీది సన్నని రాగి దారి) పక్కనే 10 వోల్టుల ట్రాకు ఉంది, మధ్యలో బోర్డు నిరోధం లక్ష కోట్ల ఓములు. వినడానికి బ్రహ్మాండంగానే ఉన్నా, దాంట్లోంచి 10 పికోయాంపులు కారిపోతాయి. కొలవాల్సింది 1, కారేది 10! పైగా సోల్డరింగ్ ఫ్లక్స్ (టంకం బాగా అతుక్కోవడానికి వాడే పదార్థం) సరిగా కడగని బోర్డు తేమ పీల్చుకుంటే ఆ నిరోధం ఇంకా పడిపోతుంది. ఏసీ గదిలో పాసైన బోర్డు ఆగస్టులో తలుపు తీసేసరికి పిచ్చి రీడింగులు ఇస్తుంది. అందుకే ఇన్‌పుట్ చుట్టూ అదే వోల్టేజీలో గార్డ్ రింగ్ అనే రాగి వలయం వేస్తాం. వోల్టేజీ తేడా లేకపోతే కారడానికి ఏమీ ఉండదు. ఇన్‌పుట్ పిన్నును బోర్డుకు తగలనివ్వకుండా టెఫ్లాన్ స్టాండాఫ్ (కరెంటును దాదాపు పోనివ్వని చిన్న స్తంభం) మీద నిలబెడతాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాక వేలు పెట్టనివ్వం.

మెకానికల్ పని ఆటోనగర్ లేత్ షాపుల్లో. వాక్యూమ్ ఛాంబర్‌లో (లోపలి గాలి తోడేసే డబ్బా) ఓ-రింగ్ (గాలి దూరకుండా వేసే రబ్బరు వలయం) కూర్చునే గాడిలో గుండ్రంగా తిరిగే సన్న గీతలు ఉన్నా నడుస్తుంది, అడ్డంగా ఒక్క గీత పడిందా, గాలి లోపలికి దూరుతుంది. టర్నర్ చివర్లో ఎమెరీ పేపరు ఎటు రుద్దుతున్నాడో పక్కన నిలబడి చూడాల్సిందే.

జీతం సంగతి దాచను: సాఫ్ట్‌వేర్‌లో చేరిన జూనియర్లు మనల్ని త్వరగానే దాటేస్తారు. బిల్లులు గ్రాంటు మీద ఆధారపడతాయి, మార్చి వస్తే టెన్షన్. ఒక సంస్థలో పరికరం నడుస్తూనే ఉంది, మా డబ్బు మాత్రం తరువాతి ఆర్థిక సంవత్సరానికి వెళ్లిపోయింది.

మా లాంటి కంపెనీలే కాక ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద ఉన్న ఎన్‌ఎస్‌టీఎల్ (నౌకాదళ పరిశోధనల ల్యాబు) నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి. ఈలోగా మీ కాలేజీ ఫిజిక్స్ విభాగం స్టోరులో మూలపడ్డ స్పెక్ట్రోమీటరో, పవర్ సప్లయో ఏదో ఒకటి ఉంటుంది. హెచ్‌ఓడీ గారి అనుమతి తీసుకుని విప్పండి, సర్క్యూట్ గీయండి, వీలైతే నడిపించండి. ఇంటర్వ్యూలో మేము మార్కుల కన్నా ముందు అడిగేది దాని గురించే.