లోకల్‌హోస్ట్ అంటే కుదరదు, 127.0.0.1 అంటే సరే!

ప్రశ్న: లినక్స్‌లో నా పీహెచ్‌పీ ప్రోగ్రామ్ అదే మెషీన్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి కనెక్ట్ కావడం లేదు. హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే 2002 ఎర్రర్, 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటోంది. 127.0.0.1 అని రాస్తే పనిచేస్తోంది. నా జావా ప్రోగ్రామ్‌కి మాత్రం ఏది రాసినా ఒకటే. ఎందుకిలా?

జవాబు: నెట్‌వర్క్ లెక్కలో రెండూ ఒకటే, 'ఈ మెషీనే' అని అర్థం. మైఎస్‌క్యూఎల్ లెక్కలో కాదు. నన్నడిగితే లోకల్‌హోస్ట్ అనే పేరుకి అది వేరే అర్థం అంటగట్టకుండా ఉండాల్సింది. ఏళ్ల తరబడి జనం దీని దగ్గరే తికమక పడుతున్నారు.

యునిక్స్ తరహా సిస్టమ్‌లలో లోకల్‌హోస్ట్ అని కనబడితే మైఎస్‌క్యూఎల్ సీ లైబ్రరీ గానీ పీహెచ్‌పీ డ్రైవర్ గానీ దాన్ని అడ్రస్ అనుకోవు. సాకెట్ ఫైల్ (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ప్రత్యేక ఫైల్) గుండా వెళ్లమన్నారని అనుకుంటాయి. మీ ఎర్రర్‌లో ఫైల్ మాట వచ్చింది అందుకే. డీమన్ (వెనకాల నడిచే మైఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రోగ్రామ్) నడుస్తూనే ఉంది కాబట్టి, అది సాకెట్ తెరిచింది ఒక చోట, పీహెచ్‌పీ వెతుకుతున్నది టీఎంపీ డైరెక్టరీ లాంటి ఇంకో చోట అయ్యుండాలి. 127.0.0.1 అంటే మాత్రం నేరుగా టీసీపీ (నెట్‌వర్క్ దారి), పోర్టు 3306.

జావా డ్రైవర్ సీ లైబ్రరీ మీద ఆధారపడదు, ప్రోటోకాల్ అంతా తనే మాట్లాడుతుంది. యునిక్స్ సాకెట్లు జావాలోకి వచ్చిందే 2021లో, 16వ వెర్షన్‌తో. అందుకే మామూలుగా అది టీసీపీలోనే వెళ్తుంది. పైథాన్‌లో ఇంకా తమాషా: సీ లైబ్రరీని వాడుకునే మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ సాకెట్ దారి పడుతుంది, పూర్తిగా పైథాన్‌లో రాసిన పైమైఎస్‌క్యూఎల్ టీసీపీ దారి పడుతుంది. దారి ఏదైనా మాటలు అవే. ముందు డీమనే పలకరిస్తుంది, తన వెర్షన్, కొన్ని రాండమ్ బైట్లు పంపిస్తుంది. లాగిన్ వివరాలు ఆ తర్వాతే.

127.0.0.1తో కనెక్ట్ అయి 'షో వేరియబుల్స్'లో సాకెట్ పాత్ చూడండి. దాన్ని పీహెచ్‌పీ ఐఎన్ఐ ఫైల్‌లో డిఫాల్ట్ సాకెట్ దగ్గర రాసి, పీహెచ్‌పీని రీస్టార్ట్ చేయండి. పీహెచ్‌పీ నుంచి మైఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ అవ్వడానికి వాడే మైఎస్‌క్యూఎల్ఐ, పీడీఓ అనే రెండు ఎక్స్‌టెన్షన్లకి ఈ సెట్టింగ్ విడివిడిగా ఉంటుంది, మర్చిపోకండి.

ప్రోగ్రామ్, డేటాబేస్ ఒకే మెషీన్‌లో ఉంటే నా ఓటు సాకెట్‌కే. అవతల ఉన్న యూజర్ ఎవరో కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) డీమన్‌కి చెబుతుంది. ఉబుంటులో సూడోతో రూట్‌గా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లగలిగేది దానివల్లే. టీసీపీలో ఆ సౌకర్యం లేదు. మీరు 127.0.0.1తోనే ఉండిపోతే, సర్వర్‌లో 'స్కిప్ నేమ్ రిజాల్వ్' (అడ్రస్‌ని పేరుగా మార్చొద్దనే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే లోకల్‌హోస్ట్ పేరు మీద సృష్టించిన యూజర్ అక్కడ చెల్లడు, 127.0.0.1 పేరుతో వేరే యూజర్‌ని సృష్టించాలి.