కొవిడ్ తగ్గినవారి నేత్రదానం గురించి

మీ అమ్మమ్మగారికి మూడు నెలల క్రితం కొవిడ్ వచ్చి తగ్గింది కాబట్టి ఆమె కళ్లు ఎవరూ తీసుకోరని హన్మకొండలో బంధువులు అంటున్నారని రాశారు. ఆ మాట పట్టుకుని, కళ్లు దానం చేయాలన్న ఆమె కోరికను వదిలేయకండి. 2020 లాక్‌డౌన్‌లో కళ్ల సేకరణ దాదాపు ఆగిపోయింది. తాజా కార్నియాలు (కంటి ముందుండే పారదర్శక పొరలు) దొరకక, గ్లిజరిన్‌లో నిల్వచేసినవి అత్యవసర ఆపరేషన్లకు వాడారు. కొవిడ్‌తో చనిపోయినవారి కళ్లు తీసుకోవద్దన్నారు. జనంలో ఆ భయమే మిగిలిపోయింది. కోలుకున్నవారి సంగతి వేరు. తగ్గిన తేదీ, ఆసుపత్రి కాగితాలు ఇప్పుడే నేత్రనిధి (ఐ బ్యాంక్) వైద్యులకు చూపించండి, నిర్ణయం వారు చెబుతారు. వయసు, షుగర్, శుక్లాల ఆపరేషన్ అడ్డు కావు.

అసలు చిక్కు సమయంతోనే. చనిపోయిన 6 గంటల్లోపు కళ్లు తీయాలి. మా నాన్నగారు కాజీపేటలో పోయినప్పుడు అమ్మ ఏడుస్తూనే ఫ్యాను ఆపింది, రెప్పలు మూసి తడి దూది పెట్టింది, తల కింద రెండు దిండ్లు సర్దింది. నేత్రనిధి బృందం ఇంటికే వచ్చింది. కాస్త రక్తం కూడా తీసుకున్నారు. అరగంటలో అంతా అయిపోయింది, నాన్న ముఖం ఏమీ మారలేదు.

ఆమె ప్రతిజ్ఞ పత్రం రాసినా, చివరికి సంతకం చేయాల్సింది కుటుంబమే. మీ మామయ్యలతో ఈ రోజే మాట్లాడండి.